ప్రశ్నలు – జవాబులు: ఎడారి సరస్సుకు నీరెక్కడిది, అది ఎందుకు తగ్గిపోతుంది?

గత సంచికలో ఆరల్ సముద్రం గురించి ఒక పేజీ వేశాం. కజకస్తాన్, ఉజ్బెకిస్తాన్‌ల నడుమ ఉన్న ఈ ఉప్పునీటి సరస్సు 1960లో సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు ఉండేది. దాన్ని పోషించే ఆము దర్యా, సిర్ దర్యా నదుల నీరంతా పత్తికి, వరికి మళ్ళించాక 2007 నాటికి పదో వంతు మిగిలింది. ఆ పేజీ చదివి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాం. ఘన కిలోమీటర్లంటే ఎవరికీ అంచనా అందదు కాబట్టి టీఎంసీల్లోకి మార్చాం. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు.

నాగావళిలో వేసవికి మోకాలి లోతు నీరుండదు. అయినా కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తోంది. ఆము దర్యా అంత పెద్ద నది కదా, అది ఎడారిలోనే ఎందుకు ఆగిపోతుంది?
— ఒక రైతు, ఆమదాలవలస

నది సముద్రాన్ని చేరుతుందా లేదా అన్నది నీటి కంటే ముందు నేల వాలు మీద ఆధారపడుతుంది. నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి 250 కిలోమీటర్ల పైచిలుకు దిగువకే పారుతుంది. మధ్యలో దాన్ని చుట్టుముట్టే మిట్ట ఎక్కడా లేదు. ఆము దర్యా పామీర్ పర్వతాల మంచు కరిగి వచ్చే నీటితో 2,400 కిలోమీటర్లు నడిచి, చుట్టూ నేల ఎత్తుగా ఉన్న ఒక పెద్ద పల్లంలో దిగుతుంది. అక్కడి నుంచి బయటికి దారి లేదు. నీరు పోవాలంటే ఆవిరై పైకి పోవాలి.

పల్లం ఒక్కటే ఉంటే సరిపోదు, ఆకాశం కూడా ఎండిపోయి ఉండాలి. శ్రీకాకుళం ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైగా వాన పడుతుంది, ఆరల్ చుట్టుపక్కల వంద, నూట యాభై మిల్లీమీటర్లు పడితే గొప్ప. అలాంటి మూసుకుపోయిన పల్లం మన దగ్గర ఉందనుకోండి, నాలుగు వానాకాలాలు తిరిగేసరికి అది నిండి, గట్టు ఎక్కడ తక్కువగా ఉందో అక్కడ పొర్లి, అటు ఒక గెడ్డ పుట్టేది. ఎడారిలో ఆ పొర్లే రోజు రాదు. నీరు పరుచుకుంటూ పోతుంది. పరుచుకున్న కొద్దీ ఎండకు ఎక్కువ విస్తీర్ణం దొరుకుతుంది. రోజూ వచ్చే నీరు, రోజూ ఆవిరయ్యే నీరు సమానమైన చోట సరస్సు ఆగుతుంది.

ఎడారి సరస్సుల లెక్క అంతా ఇక్కడే ఉంది: విస్తీర్ణాన్ని ఏడాదికి ఆవిరయ్యే లోతుతో గుణిస్తే, ఏడాదికి వచ్చే నీరు. ఆరల్ మీద ఏడాదికి దాదాపు ఒక మీటరు నీరు ఆవిరవుతుంది. 68,000 చదరపు కిలోమీటర్ల మీద ఒక మీటరంటే సుమారు 2,400 టీఎంసీలు. హిరమండలం రిజర్వాయరు నిండుగా ఉంటే 19 టీఎంసీలు. అలాంటివి నూట ఇరవైకి పైగా ఏటా గాలిలో కలిసేవన్నమాట. ఇక రాబడి చూస్తే, రెండు నదులూ కలిసి 2,000 టీఎంసీల దాకా తెచ్చేవి, పైన పడే వాన మరో 350. రెండు వైపులా లెక్క ఇంచుమించు సరిపోయింది. అందుకే 1960కి ముందు కొన్ని దశాబ్దాల పాటు ఆ సరస్సు మట్టం సముద్ర మట్టానికి 53 మీటర్ల ఎత్తు దగ్గర పెద్దగా కదల్లేదు.

సాగునీటి శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యాను. డ్యాము నీటిని తినదు, ఆపి వదులుతుంది. కాలువ పొడుగునా ఇంకిపోవడమే అసలు నష్టం. కాలువలన్నిటికీ లైనింగు వేస్తే సరస్సుకు నీరు మిగిలేది కదా?
— రాజాం

మీ మాటలో మొదటి సగం నిజం. డ్యాము మొదటిసారి నిండేటప్పుడు కొంత నీరు పట్టుకుంటుంది, తర్వాత దాని మీద ఆవిరయ్యేదే నష్టం. నీటిని నిజంగా తినేది పంట. ఆకుల్లోంచి ఆవిరైన నీరు ఏ కాలువలోకీ తిరిగి రాదు.

రెండో సగం దగ్గరే చిక్కు. ఆము దర్యా నుంచి తుర్క్‌మెనిస్తాన్ ఎడారిలోకి తీసిన కరకుమ్ కాలువ పని 1954లో మొదలైంది. పొడవు 1,300 కిలోమీటర్ల పైన. ఎక్కువ భాగం ఇసుకలో తవ్విన మట్టి కాలువ కాబట్టి ఇంకుడు విపరీతం. దానికి లైనింగు వేస్తే నీరు మిగులుతుంది, సందేహం లేదు. మిగిలిన నీరు ఎవరికి చేరుతుందన్నదే ప్రశ్న. మూసుకుపోయిన పల్లంలో సరస్సు అంటే నదికి శివారు ఆయకట్టు. పై తూముల వాళ్ళందరికీ అయ్యాక ఏదైనా ఉంటేనే దాని వంతు. కాలువ చివర పొలాలున్న రైతును అడగండి, పైన లైనింగు వేసినంత మాత్రాన తన మడికి నీరొచ్చిందా అని. పైన మిగిలిన నీటితో పైవాళ్ళే మరో వంద ఎకరాలు తడుపుకుంటారు. పైగా, నదికి దగ్గరగా ఉన్న పాత కాలువల్లో ఇంకిన నీరు కొంతైనా ఊటగా మళ్ళీ నదిలోకి చేరేది. లైనింగు తర్వాత అదీ ఉండదు. కాబట్టి లైనింగు మంచిదే గానీ, మిగిలిన నీటిలో ఇన్ని టీఎంసీలు సరస్సువి అని ముందే రాసి, గేటు దగ్గర కొలిచి వదిలితేనే అది సరస్సుకు పనికొస్తుంది. ఈ రెండో పని చాలా చోట్ల జరగలేదు.

ఇంకో సంగతి. అక్కడ పొలానికి పెట్టే నీరంతా పంట కోసమే కాదు. ఎక్కువ నీరు పెట్టడంతో భూగర్భ జలం పైకి వచ్చింది. అది నేలకు రెండు మీటర్ల లోపలికి వస్తే, తడి మట్టిలోంచి ఎగబాకి పైన ఆవిరై, ఉప్పును నేల మీద వదిలేస్తుంది. ఆ ఉప్పును కడగడానికి విత్తనం వేసే ముందు మడి నిండా మళ్ళీ నీరు పెట్టాలి. మురుగు కాలువలు సరిగ్గా లేకపోతే ఆ కడిగిన ఉప్పునీరు పక్క మడిలోకి పోతుంది, లేదా పల్లాల్లో నిలుస్తుంది. ఆరల్‌కు నైరుతి దిక్కున సరికమిష్ అనే పల్లం ఇలా పొలాల మురుగునీటితోనే పెద్ద సరస్సయింది. అసలు సరస్సు ఎండుతుంటే మురుగునీటి సరస్సు పెరిగింది!

తగ్గే వేగం చూడండి. 1960లలో ఆరల్ మట్టం ఏడాదికి 20 సెంటీమీటర్ల చొప్పున దిగింది. 1970లలో అది 50–60 అయింది, 1980లలో 80–90. ఆ దశకంలో కొన్నేళ్ళు ఆము దర్యా నీరు సరస్సు దాకా రానేలేదు. 1987 నాటికి సరస్సు ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలైంది. 2014లో దక్షిణ భాగపు తూర్పు చెక్క పూర్తిగా ఎండింది.

ఇంత కాలం పట్టడానికి కారణం లోతు. 1960లో ఆరల్ సగటు లోతు 16 మీటర్లు. ఆఫ్రికాలోని చాద్ సరస్సు తీసుకోండి. సగటు లోతు ఒకటిన్నర మీటరు, ఏడాదికి ఆవిరయ్యేది రెండు మీటర్ల పైన. అక్కడ నది ఒక్క ఏడాది ముఖం చాటేస్తే చాలు. 1963లో 25,000 చదరపు కిలోమీటర్లు ఉన్న చాద్, 1970లు, 80ల కరువుల్లో పదో వంతుకు లోపే పడిపోయింది. దాని విషయంలో సాగు కంటే వాన తగ్గడమే పెద్ద కారణం. అన్ని సరస్సులకూ ఒకే దోషిని వెతకడం సరి కాదు.

నదుల నీరు తీపి కదా, ఆ నీరు చేరిన సరస్సు ఉప్పగా ఎందుకుంటుంది? చాద్ సరస్సు మాత్రం మంచినీటిదని చదివాను. అదెలా?
— డిగ్రీ విద్యార్థిని, పలాస

నది నీటిలో ఉప్పు లేకపోలేదు, నాలుకకు తెలియనంత ఉంటుంది. లీటరుకు అర గ్రాము అనుకుంటే, ఒక్క టీఎంసీతో 14,000 టన్నుల లవణాలు వచ్చిపడతాయి. నీరు ఆవిరవుతుంది, లవణం ఉండిపోతుంది. వందల, వేల ఏళ్ళు ఇలా పేరుకుంటే సరస్సు ఉప్పు. 1960లో ఆరల్‌లో లీటరుకు 10 గ్రాములు ఉండేది, అంటే సముద్రంలో మూడో వంతు కన్నా తక్కువ. చేపలు హాయిగా బతికేవి. నీరు తగ్గాక దక్షిణ భాగంలో 100 గ్రాములు దాటింది.

చాద్‌కు కనబడని తూము ఉంది. నీటిలో కొద్ది భాగం అడుగు ఇసుకలోంచి ఇంకి దూరంగా వెళ్ళిపోతుంది, దాంతో పాటే ఉప్పు కూడా. పోయే నీరు కొంచెమే, కానీ లవణం పేరుకోకుండా ఉండడానికి అది చాలు. ఈ కారణం వల్లే చాద్ ఒడ్డున బోర్ల నీటి రుచి సరస్సు నీటికంటే తేడాగా ఉండొచ్చు.

ఏ లవణం ఎప్పుడు గడ్డకడుతుందో చూడాలంటే నౌపడ ఉప్పు మడులకు వెళ్ళండి, పలాస నుంచి దూరం కాదు. సముద్రపు నీరు ఆవిరయ్యే కొద్దీ ముందు సున్నపు పదార్థం తేరుకుంటుంది. నీరు అయిదో వంతుకు వచ్చేసరికి జిప్సం పడుతుంది. పదో వంతుకు వచ్చాక తినే ఉప్పు. మిగిలిన చేదు నీటిలో మెగ్నీషియం, పొటాషియం ఉంటాయి, దాన్ని మడి నుంచి వదిలేస్తారు. వదలకపోతే ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మ పీల్చి కారుతుంది. సరస్సులో వదిలేవాడు లేడు కాబట్టి మొత్తం ఒకదానిమీద ఒకటి పొరలుగా ఉండిపోతుంది. మృత సముద్రం ఆ చివరి దశలో ఉంది. లీటరుకు 340 గ్రాముల లవణం, అందులో సింహభాగం మెగ్నీషియం క్లోరైడు. అందుకే ఆ నీరు ఉప్పగా కాదు, చేదుగా ఉంటుంది.

హేచరీలో టెక్నీషియన్‌ని. రొయ్య పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే చిన్న జీవి) గుడ్ల డబ్బా మీద ‘గ్రేట్ సాల్ట్ లేక్’ అని ఉంటుంది. ఆ సరస్సు ఎండుతోందంటున్నారు. ఈ మధ్య కొన్ని డబ్బాల్లో గుడ్లు సరిగ్గా పొదగడం లేదు. దానికి ఇదే కారణమా?
— భోగాపురం

ముందు సరస్సు సంగతి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ఈ సరస్సుకు బేర్, వీబర్, జోర్డాన్ అనే మూడు నదులు నీరిస్తాయి, బయటికి దారి లేదు. 1987లో బాగా నిండినప్పుడు సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు, 2022 నవంబరులో రికార్డు స్థాయికి పడిపోయినప్పుడు 2,300. ఈ రెంటికీ మధ్య మట్టంలో తేడా ఏడు మీటర్లే. అడుగు చదునుగా ఉన్న సరస్సుల్లో మట్టం ఒక అడుగు దిగితే ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతుంది.

1959లో కట్టిన రైలు కట్ట ఈ సరస్సును రెండుగా చీల్చింది. నదులన్నీ దక్షిణ భాగంలోనే కలుస్తాయి. ఉత్తర భాగానికి నది లేక నీరు గులాబీ రంగు చిక్కటి ఉప్పునీరైంది, అక్కడ ఆర్టీమియా నిలవదు. మీ డబ్బాలోని గుడ్లు దక్షిణ భాగానివి. ఆర్టీమియాకు 12 నుంచి 16 శాతం ఉప్పదనం అనుకూలం. 2022 శరదృతువులో అది 18 దాటింది. ఆ స్థాయిలో ఆర్టీమియా తినే నాచు తగ్గిపోతుంది, బతకడానికే శక్తి ఖర్చయి గుడ్లు తగ్గుతాయి. దాంతో రైలు కట్టలోని గండి అడుగున ఉన్న రాతి అడ్డును 2022లో, మళ్ళీ 2023లో ఎత్తు పెంచి, మంచినీరు దక్షిణాన నిలిచేలా చేశారు. 2023లో మంచు బాగా కురవడంతో మట్టం కోలుకుంది. సరస్సు ఇబ్బంది పడిన ఏడాది తగ్గేది ముఖ్యంగా దిగుబడి, దాంతో ధర పెరుగుతుంది.

డబ్బా బాగా పొదగకపోతే సరస్సును అనేముందు మీ ట్యాంకు చూసుకోండి. ఉప్పదనం 25–30 పీపీటీ (లీటరుకు ఇన్ని గ్రాములు), వేడి 28–30 డిగ్రీలు, పీహెచ్ 8కి తగ్గకూడదు. లీటరుకు 2 గ్రాముల గుడ్లు మించితే గాలి చాలదు. నీటి పైభాగంలో 2,000 లక్స్ వెలుతురు ఉండాలి, ముఖ్యంగా మొదటి కొన్ని గంటలు. చాలామంది లైటు మరిచిపోతారు. గరాటు ఆకారపు ట్యాంకు కొసన గాలిరాయి పెట్టకుండా గొట్టం నుంచే గాలి వదలండి. గాలిరాయి చిన్న బుడగలు నురగ తెచ్చి గుడ్లను పైకి ఎత్తేస్తాయి, అవి గోడకు అంటుకుని ఎండుతాయి. పీహెచ్ పడితే లీటరుకు 1 గ్రాము చొప్పున వంటసోడా కలపండి. తెరిచిన డబ్బాలోకి మన తీరపు తేమ ఒక్క రాత్రిలో దూరుతుంది. చెమ్మ తగిలిన గుడ్లు సగం లేచి చచ్చిపోతాయి, వాటిని ఎండబెట్టినా లాభం లేదు. వాడగా మిగిలినది గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో పెట్టాలి. 18–24 గంటల్లో తీసెయ్యండి. ఆలస్యమైతే పిల్ల తన పచ్చసొన తానే తినేసి సన్నబడుతుంది, రొయ్యకు బలం రాదు. ఇవన్నీ సరిగ్గా ఉండి, ఒకే లాటు రెండు ట్యాంకుల్లోనూ పొదగకపోతే అప్పుడు డబ్బాది తప్పు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఈ సరస్సు లెక్కను స్కూల్లో చేసి చూపించవచ్చా? ఖర్చు తక్కువగా ఉండాలి.
— సైన్సు ఉపాధ్యాయుడు, విజయనగరం

చక్కగా చేయవచ్చు. రెండు వారాలు పడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు అనువు, వాన బెడద ఉండదు.

ఎండ బాగా తగిలే చోట ఇసుక పోసి, అందులో 50 సెంటీమీటర్ల వ్యాసం, నడిమధ్యన 4 సెంటీమీటర్ల లోతుతో గరాటులా ఏటవాలు గుంట చెయ్యండి. పైన ముడతలు లేకుండా మందపాటి ప్లాస్టిక్ పట్టా పరవండి. ఇదే మీ సరస్సు. నది కోసం ఒక నీళ్ళ సీసా, దానికి తగిలించడానికి వాడని సెలైన్ సెట్టు ఒకటి, మందుల షాపులో దొరుకుతుంది. ప్యాకెట్టు మీద మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో రాసి ఉంటుంది. 20 చుక్కలది తీసుకోండి, కింది లెక్క దానికే.

మొదట గుంటను అంచు దాకా నింపి, మర్నాడు అదే సమయానికి మళ్ళీ అంచు చేరడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో కొలవండి. మూడు రోజులు చేసి సగటు తీయండి. 50 సెంటీమీటర్ల గుంటలో 196 మిల్లీలీటర్లు ఒక మిల్లీమీటరు లోతుతో సమానం. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే 980 మిల్లీలీటర్లు పడుతుంది. దాన్ని చుక్కల్లోకి మారిస్తే నిమిషానికి 14 చుక్కలు. మీ కొలత వేరుగా వస్తే, ప్రతి మిల్లీమీటరుకు నిమిషానికి 2.7 చుక్కల చొప్పున వేసుకోండి.

14 చుక్కల మీద గుంట అంచు దాకా నిండుగా నిలుస్తుంది. ఇప్పుడు 7 చుక్కలకు తగ్గించండి. నీటి అంచు ఎక్కడుందో రోజూ మార్కరుతో గీత గీయించండి. మొదటి రోజుల్లో మట్టం రోజుకు రెండున్నర మిల్లీమీటర్లు దిగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. పది రోజులకు వ్యాసం 35–36 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. వ్యాసం సగం కాలేదేమని పిల్లలు అడుగుతారు. సగమైంది విస్తీర్ణం. పిల్లల చేతే లెక్క కట్టించండి. ఇంకో జట్టుకు అంతే వెడల్పుతో లోతు 12 సెంటీమీటర్లున్న బాణలి ఇస్తే, అదే 7 చుక్కలతో నెల దాటినా తగ్గుతూనే ఉంటుంది. ఆరల్ ఎందుకు యాభై ఏళ్ళు తీసుకుందో ఈ రెండు జట్ల గీతలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

తప్పులు ఎక్కడ వస్తాయంటే: సీసాలో నీరు తగ్గే కొద్దీ చుక్కల వేగం పడిపోతుంది. సీసాను మీటరు ఎత్తున కట్టి పొద్దున, సాయంత్రం చుక్కలు లెక్కపెట్టి సరిచెయ్యాలి. కాకులు తాగేస్తాయి. దోమతెర కప్పితే గాలి ఆగి ఆవిరి తగ్గుతుంది కాబట్టి పైన అడ్డంగా నాలుగు దారాలు కట్టండి చాలు. బాణలిని నేల మీద ఊరికే పెడితే పక్కలు కాలి ఆవిరి ఎక్కువ చూపిస్తుంది, దాన్ని అంచు దాకా ఇసుకలో పాతాలి.

ఉప్పునీరు నెమ్మదిగా ఆవిరవుతుందని చూపడానికి ఒకే రకం టబ్బులు రెండు. ఒకదానిలో లీటరు మంచినీరు, ఇంకోదానిలో లీటరు నీటికి 360 గ్రాముల ఉప్పు. రోజూ సాయంత్రం తూకం వేయండి. ఈ ప్రయోగాన్ని చింతపల్లి, కోనాడ లాంటి తీరపు ఊళ్ళలో చేస్తే బోల్తా పడవచ్చు. నీరు, గాలి ఒకే వేడిలో ఉన్నప్పుడు, గాలిలో తేమ 75 శాతం దాటితే చిక్కటి ఉప్పునీరు ఆవిరి కావడం మానేసి, గాలిలోని చెమ్మనే పీల్చుకుంటుంది. తెల్లవారుజామున తూకం వేస్తే బరువు పెరిగినట్టు కనిపిస్తుంది! అది తప్పు కాదు, దాన్నీ రాయించండి. మృత సముద్రం ఏటా మీటరుకు పైగా దిగుతున్నా పూర్తిగా ఎండదని చెప్పడానికి కారణం ఇదే. నీరు చిక్కబడే కొద్దీ ఆవిరి తగ్గుతుంది, ఎక్కడో ఒకచోట నిలుస్తుంది. కల్లుప్పులో మెగ్నీషియం మలినం ఉంటుంది, దాని వల్ల ఈ చెమ్మ పీల్చడం ఇంకా ఎక్కువ. ప్యాకెట్టు ఉప్పే నయం.

మన దేశంలో ఇలాంటి సరస్సు ఉందా?
— టెక్కలి

ఉంది. రాజస్తాన్‌లోని సాంభర్. మేంఢా, రూపన్‌గఢ్ అనే వానాకాలపు నదులే దాని ఆధారం. నిండినా మూడు మీటర్ల లోతు, వేసవికి అరవై సెంటీమీటర్లు. పైన చెక్‌డ్యాములు, చుట్టూ ఉప్పు కోసం వేసిన బోర్లు దాని నీటిని లాగేస్తున్నాయి. లదాఖ్‌లోని పాంగాంగ్ కూడా బయటికి పారదు, కానీ అది చలి ఎడారి, అక్కడ ఆవిరి తక్కువ.

తేలినీలాపురం కొంగలను చూసేవారు సాంభర్‌లో 2019 నవంబరులో జరిగింది తెలుసుకోవాలి. వలస పక్షులు వేలల్లో చనిపోయాయి, కారణం బొట్యులిజం, అంటే ఒక సూక్ష్మజీవి తయారుచేసే విషం. చచ్చిన పక్షిలో ఆ సూక్ష్మజీవి పెరుగుతుంది, పురుగులు ఆ విషాన్ని మోస్తాయి, వాటిని తిన్న పక్షి కాళ్ళూ రెక్కలూ మెడా చచ్చుబడి పడిపోతుంది, మళ్ళీ దానిలో పురుగులు. ఈ గొలుసు తెగాలంటే చచ్చినవాటిని అదే రోజు ఏరి కాల్చాలి లేదా లోతుగా పూడ్చాలి. అదే ముఖ్యమైన మార్గం. చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

మా ఊరి చెరువు ఎండితే గర్భంలో దోస, పుచ్చ వేస్తాం. ఎండిన సరస్సు నేలను అలా సాగు చేసుకోవచ్చు కదా?
— చీపురుపల్లి

చెరువు గర్భంలో మిగిలేది ఒండ్రు, ఎడారి సరస్సులో మిగిలేది లవణం. గట్టిగా పెచ్చు కట్టిన తినే ఉప్పు అయితే గాలికి లేవదు. సోడియం సల్ఫేటు ఉంటేనే ప్రమాదం. చలి రాత్రుల్లో అది తన బరువును మించిన నీటిని పట్టుకుని ఉబ్బుతుంది, పగలు ఎండకు ఆ నీరు వదిలి పిండిలా పొడవుతుంది. ఇలా రోజూ ఉబ్బి, వదిలి, పై పెచ్చు బూరెలా పొంగి విడిపోతుంది. గాలి వీస్తే ఆ పొడే తుఫాను. ఆరల్ దుమ్ములో దీనితో పాటు పత్తి మీద చల్లిన పురుగుమందులూ ఉన్నాయి.

కాలిఫోర్నియాలోని ఓవెన్స్ సరస్సుకు చేరే నది నీటిని 1913 నుంచి లాస్ ఏంజెలెస్ నగరానికి మళ్ళించారు. 1926 కల్లా సరస్సు ఎండింది. దుమ్ము ఆపడానికి ఇప్పటికీ అక్కడ మూడు పనులు చేస్తున్నారు: పల్చగా నీరు నిలపడం, పది సెంటీమీటర్ల మందాన కంకర పరవడం, ఉప్పును తట్టుకునే గడ్డి పెంచడం. ఆరల్ అడుగున సాక్సౌల్ అనే ఎడారి పొద నాటుతున్నారు. దోస మాట అక్కడ ఎవరూ ఎత్తరు.

పక్కన సముద్రం ఉన్నచోట ఆ నీటినే కాలువ తవ్వి తెచ్చి నింపవచ్చు కదా? అసలు ఎండిన సరస్సు మళ్ళీ నిండిన సందర్భం ఉందా?
— ఇచ్ఛాపురం

సముద్రపు నీటితో పాటు ఉప్పూ వస్తుంది. ఆరల్‌కు నదులు తెచ్చినంత నీరు, దాదాపు 50 ఘన కిలోమీటర్లు, సముద్రం నుంచి తెస్తే ఏడాదికి 175 కోట్ల టన్నుల ఉప్పు సరస్సులో చేరుతుంది. ఎర్ర సముద్రపు నీటిని మృత సముద్రానికి తెచ్చే పథకం మీద 2013లో ఒప్పందం కుదిరింది, 2021లో జోర్డాన్ దాన్ని వదిలేసింది. నీరు, కరెంటు ఖర్చులు ఒక పక్క. రెండు రకాల నీరు కలిస్తే జిప్సం తేలి నీరు తెల్లబడుతుందన్న భయం ఇంకో పక్క. ఈలోగా అక్కడ ఒడ్డున వేలాది గుంటలు పడ్డాయి. సరస్సు దిగినప్పుడు భూగర్భపు మంచినీరు కూడా దిగి, పాతిపెట్టినట్టున్న ఉప్పు పొరను కరిగిస్తుంది. పైన రోడ్డున్నా, తోటున్నా ఒక్కసారిగా కుంగుతుంది. సైబీరియా నదులను ఆరల్ వైపు తిప్పాలన్న సోవియట్ పథకాన్ని 1986లోనే పక్కన పెట్టారు.

కాస్పియన్‌లో ఒక అనుభవం ఉంది. దాని తూర్పున కారా బోగాజ్ అనే పెద్ద అఖాతం నీటిని ఊరికే ఆవిరి చేస్తోందని 1980లో దానికి అడ్డుకట్ట వేశారు. నాలుగేళ్ళు తిరక్కుండా అఖాతం ఎండి ఉప్పు దుమ్ము లేచింది. పైగా కాస్పియన్ మట్టం 1978 నుంచే పెరగడం మొదలుపెట్టింది, ఓల్గా నది నీరు ఎక్కువగా తెచ్చింది కాబట్టి. 1992లో ఆ కట్ట తీసేశారు.

మళ్ళీ నిండిన ఉదాహరణ ఉత్తర ఆరల్. సిర్ దర్యా ఏటా తెచ్చే కొద్ది నీరు ఉత్తర ముక్కలోకి వచ్చి, అక్కడ నిలవకుండా దక్షిణానికి జారి ఇసుకలో పోయేది. ముందు స్థానికులు ఇసుకతో కట్ట వేశారు, అది తెగింది. కొక్ ఆరల్ దగ్గర 13 కిలోమీటర్ల పొడవైన పటిష్ఠమైన కట్ట 2005లో పూర్తయింది. దానిలో గేట్లున్నాయి, ఎక్కువైన నీటిని వదిలేస్తారు, ఆ నీటితో పాటే కొంత ఉప్పు కూడా పోతుంది. మట్టం 42 మీటర్లకు చేరడానికి కొన్నేళ్ళు పడుతుందనుకున్నది, ఏడాది లోపే చేరింది. ఉప్పదనం తగ్గి, నదీ ముఖద్వారంలో తలదాచుకున్న మంచినీటి చేపలు మళ్ళీ సరస్సులోకి వచ్చాయి. దక్షిణ ఆరల్‌ను మాత్రం వదులుకున్నట్టే. ఒక నది నీటితో రెండు సరస్సులు నిలబెట్టే లెక్క లేదు.